స్టేషను వాగను, జీపు: రెండు వంశాల కథ

ఎస్.యు.వి. అని పిలువబడే ఎత్తైన మోటారు వాహనాలు నేడు మన పట్టణాల వీధులలో విరివిగా కనిపిస్తున్నవి. స్పోర్ట్ యుటిలిటీ వెహికిల్ అనే మూడు మాటలకు అవి పొడి అక్షరాలు. కొనేవారు దానిని జీపునకు వారసురాలని తలుస్తారు. అమ్మేవారు అట్లు తలచవలెననియే కోరుతారు. కాని అటువంటి వాహనాన్ని పైకెత్తి అడుగుభాగం పరిశీలించినట్లయితే, చాలవాటిలో జీపు పోలిక అంతగా కనిపించదు. అక్కడ కనిపించేది మరొక వంశం. ఆ వంశం పేరు స్టేషను వాగను. అమెరికాలో పుట్టి, అక్కడనే పేరు పోగొట్టుకొని, మారువేషంలో మరల వచ్చిన కుటుంబ వాహనం అది. ఆ వేషం వేయవలసిన అవసరం ఎందుకు కలిగినదో చెప్పడమే ఈ ప్రసంగంలో నా ఉద్దేశం.

పేరులోని స్టేషను రైలు స్టేషనే. అమెరికాలో రైలు దిగిన ప్రయాణికులను, వారి పెట్టె బేడలతో సహా హోటళ్ళకు చేరవేయడానికి అద్దె బండ్లు ఉండేవి. గుర్రాల స్థానంలో మోటారు వచ్చిన తరువాత, 1908లో వెలువడిన ఫోర్డు టి నమూనా వంటి కార్ల చట్రాలపై వడ్రంగులు కొయ్యతో పెట్టెవంటి ఒడలు కట్టి, అదే పనికి వినియోగించినారు. ముందు కారు, వెనుక బండి. ఈ ఏర్పాటు పెద్ద కుటుంబాలకును, వ్యవసాయ క్షేత్రాలు కలవారికిని నచ్చినది. 1929లో ఫోర్డు కంపెనీ తన ఎ నమూనాలో స్టేషను వాగనును స్వయంగా అమ్మసాగినది. కావలసిన మేపుల్, బర్చ్ కలప మిషిగన్ రాష్ట్రంలో ఆ కంపెనీకి గల సొంత అడవులనుండి ఐరన్ మౌంటెన్ అనే ఊరిలోని మిల్లుకు వచ్చేది. కోతలో మిగిలిన ముక్కలను ఫోర్డు వృథా పోనీయలేదు. వాటిని బొగ్గుగా కాల్పించి, దిమ్మెలుగా అచ్చొత్తించి అమ్మించినాడు. కింగ్స్‌ఫర్డ్ అనే పేరుతో ఆ బొగ్గు నేటికిని అమెరికా గృహస్థుల పెరటి పొయ్యిలలో మండుతూనే ఉన్నది. కొయ్య వాగను పోయినా దాని బొగ్గు మిగిలినది.

కొయ్య ఒడలు చూడముచ్చటగా ఉండేవి గాని, పోషణ కష్టం. ఏటేటా వార్నిషు పూయవలెను. కీళ్ళు వదులై కిర్రుమనేవి. వానకు చివుకు పట్టేవి. పైగా చేతిపని ఎక్కువగుటచే, పనిబండిగా పుట్టిన ఈ వాహనం ఆ కంపెనీ జాబితాలో మిక్కిలి ఖరీదైన వాటిలో ఒకటైనది. 1935లో షెవ్రొలే కంపెనీ సబర్బన్ అనే పేరుతో పూర్తిగా ఉక్కు ఒడలు గల వాహనాన్ని విడుదల చేసినది. ఎనిమిదిమందికి చోటున్నది, కాని చట్రం చిన్న ట్రక్కుది. ఈ సంగతి గుర్తుంచుకొనవలసినది. కారు చట్రంపై కుటుంబ వాహనం ఒక దారి, ట్రక్కు చట్రంపై కుటుంబ వాహనం రెండవ దారి. రెండును ఎస్.యు.వి. అనే మాట పుట్టుటకు ఎంతో ముందే ఉన్నవి.

జీపు ఈ రెంటికిని చెందినది కాదు. 1940లో అమెరికా సైన్యం తేలికపాటి గస్తీ బండి కావలెనని ప్రకటించినప్పుడు, బాంటం అనే చిన్న కంపెనీ 49 దినాలలో మొదటి నమూనాను తయారు చేసి ఇచ్చినది. పెద్ద ఉత్పత్తి మాత్రం విల్లీస్, ఫోర్డు కంపెనీల పాలైనది. యుద్ధం ముగిసేలోగా అవి ఆరు లక్షలకు పైగా జీపులు తయారు చేసినవి. యుద్ధానంతరం విల్లీస్ కంపెనీకి పెద్ద చిక్కు వచ్చినది. సైన్యం కొనదు, గృహస్థులకు తలుపులు లేని బండి పనికిరాదు. బ్రూక్స్ స్టీవెన్స్ అనే శిల్పకారుడు 1946లో జీపు ముఖానికి వాగను ఒడలు అతికించి, ఉక్కు రేకుపై కొయ్య పలకలవలె రంగులు వేయించినాడు. 1949లో దానికి నాలుగు చక్రాల చోదనం కూడ చేర్చినారు. నేటి ఎస్.యు.వి.కి తల్లి ఏదని ఎవరైన అడిగినచో నేను ఈ విల్లీస్ వాగనునే చూపుతాను. ఆ స్టీవెన్సే రూపుదిద్దిన జీపు వాగనీర్ 1963 నమూనాగా వచ్చినది. నాలుగు చక్రాల చోదనంతోపాటు ఆటోమాటిక్ గేరును కూడ అందులో పొందవచ్చును.

అప్పటికి అసలు స్టేషను వాగను వైభవం ఉచ్చస్థితిలో ఉన్నది. యుద్ధం నుండి తిరిగివచ్చినవారు నగరాల చుట్టు కొత్త పేటలలో ఇండ్లు కట్టుకొన్నారు, పిల్లలు పుట్టినారు, 1956 చట్టంతో అంతర్రాష్ట్ర రహదారులు ఆరంభమైనవి. ఉక్కు ఒడలు వచ్చుటతో వాగను చవుక అయినది, శ్రమ తగ్గినది. బ్యూయిక్ కంపెనీ 1953తో నిజమైన కొయ్యను విడిచినది; ఇంగ్లండులో మాత్రం మోరిస్ మైనర్ ట్రావెలర్ వెనుక భాగపు కొయ్య చట్రం 1971 దాక నిలిచినది. ఫోర్డు కంట్రీ స్క్వైర్ 1991 వరకు పక్కలకు కొయ్య బొమ్మ గల కాగితం వంటి పొరను అతికించుకొని తిరిగినది. లేని కొయ్యను ఉన్నట్లు చూపుట ఆనాటి ఫ్యాషను. ఎక్కని కొండలను ఎక్కినట్లు చూపుట ఈనాటిది.

వాగను గొప్పతనమంతయు దాని వెనుక తలుపులో ఉన్నదని నా నమ్మకం. 1966లో ఫోర్డు ప్రవేశపెట్టిన తలుపు రెండు విధాల తెరుచుకొనేది: సామానులకైతే పలకవలె కిందికి వాలేది, పిల్లలకైతే గది తలుపువలె పక్కకు తిరిగేది. కొన్ని వాగనులలో మూడవ వరుస సీటు వెనుకకు తిరిగి ఉండేది. అందులో కూర్చున్న బాలబాలికలు వెంటవచ్చే కార్లవారికి చేతులు ఊపుతూ దేశమంతా చూచినారు. అయితే ఆ తరం వాహనాలను గురించి కేవలం మమకారంతో మాట్లాడరాదు. ఆ వెనుక సీటు వెనుకనుండి తగిలే దెబ్బకు ఎదురుగా ఉండేది. చాలమంది పిల్లలు సీటు పట్టీ లేకనే, వెనుక నేలపై దుప్పటి పరచుకొని నిద్రించేవారు. 1970 దశకంలోని పెద్ద వాగనులు కొన్ని పందొమ్మిది అడుగుల పొడవు, ఏడున్నర లీటర్ల ఇంజను కలిగి, పెట్రోలును నీళ్ళవలె త్రాగేవి.

అంతలో 1973 చమురు సంక్షోభం వచ్చినది. 1975లో అమెరికా కాంగ్రెసు ఇంధన పొదుపు చట్టం చేసినది. ప్రతి కంపెనీ ఒక్కొక్క సంవత్సరం అమ్మిన కార్లన్నిటి సగటు 1985 నాటికి గాలనుకు 27.5 మైళ్ళకు చేరవలెను. స్టేషను వాగను కారు క్రింద లెక్కకు వచ్చినది. అమ్మిన ప్రతి పెద్ద వాగను ఆ సగటును కిందికి లాగినది. కాని తేలిక ట్రక్కులకు వేరు లెక్క, వేరు కొలత. రైతులు, మేస్త్రీలు, చేతిపనివారు వాడే బండ్లు గదా అని వాటికి సడలింపు ఇచ్చినారు. ఆ సడలింపు జీపులకును వర్తించినది. 1996 నుండి 2004 వరకు ట్రక్కులకు విధించినది గాలనుకు 20.7 మైళ్ళు మాత్రమే.

నీరు పల్లమెరుగును, వ్యాపారం సడలింపును ఎరుగును. 1983 చివర క్రైస్లర్ కంపెనీ మినీవానును విడుదల చేసినది. అది చట్టదృష్టిలో ట్రక్కు. 1984 నమూనా జీపు చెరొకీ, 1990లో వచ్చిన ఫోర్డు ఎక్స్‌ప్లోరర్ కూడ ట్రక్కులే. పెద్ద కుటుంబానికి పెద్ద కారు దొరకని స్థితిలో, పెద్ద ట్రక్కు దొరికినది. గృహస్థులకు ఎత్తున కూర్చుండుట నచ్చినది. ‘అమ్మ నడిపే బండి’ అని వాగనుకు, తరువాత మినీవానుకు పడిన ముద్ర తప్పించుకొనవలెననే కోరికయు తోడైనది. 1996 డిసెంబరులో జనరల్ మోటార్స్ తన ఆఖరి పెద్ద వాగనులను టెక్సాస్ రాష్ట్రంలోని ఆర్లింగ్టన్ కర్మాగారంలో ముగించి, ఆ కర్మాగారాన్నే ట్రక్కు చట్రపు ఎస్.యు.వి.ల ఉత్పత్తికి మార్చినది. 1935 నాటి సబర్బన్ అనే పేరు నేడు అక్కడనుండియే వెలువడుతున్నది.

ఈ మార్పునకు మూల్యం ఎవరు చెల్లించినారు? గడ్డి ఎత్తుగా వేసిన బండి గట్టు మలుపులో ఎందుకు పడునో మన రైతులకు తెలిసినదే. చక్రాల నడిమి వెడల్పులో సగాన్ని బరువు కేంద్రపు ఎత్తుచేత భాగించగా వచ్చే సంఖ్య ఎంత తగ్గునో, బండి తిరగబడే అపాయం అంత పెరుగును. పాత వాగనుకు ఆ సంఖ్య అనుకూలం, తొలి ఎస్.యు.వి.లకు ప్రతికూలం. 2000 సంవత్సరంలో, ప్రధానంగా ఎక్స్‌ప్లోరర్ బండ్లకు అమర్చిన ఫైర్‌స్టోన్ టైర్ల పై పొర ఊడిపోవుటచే జరిగిన ప్రమాదాలు బయటపడినవి. 65 లక్షల టైర్లను వెనుకకు పిలిపించినారు. ఆ టైర్లతో ముడిపడిన మరణాలు 271 అని అమెరికా రహదారి భద్రతా శాఖ లెక్కించినది. టైర్ల కంపెనీ బండిని, బండి కంపెనీ టైర్లను నిందించినవి. పోయినవారిలో అనేకులు భద్రతకని ఆ బండిని కొన్న కుటుంబాలవారు.

తరువాతి తరం బండ్లు ఈ విషయంలో ఎంతో మెరుగుపడినవి. జారుడును ముందే కనిపెట్టి ఒక్కొక్క చక్రానికి విడిగా బ్రేకు వేసే యంత్రాంగం 2012 నమూనాలనుండి అమెరికాలో తప్పనిసరి అయినది. తిరగబడుట బాగా తగ్గినది. పాత వాగనుతో పోల్చినచో కొత్త ఎస్.యు.వి. లోపలివారికి అన్ని విధాల సురక్షితమైనదని నిస్సంశయంగా చెప్పవచ్చును. బయటివారి మాట వేరు. 40 అంగుళాలకు మించి ఎత్తైన ముందుభాగం గల వాహనాలు పాదచారిని ఢీకొన్నప్పుడు మరణం సంభవించే అవకాశం, 30 అంగుళాల లోపు వాలు ముందుభాగం గల కార్లకంటె సుమారు 45 శాతం అధికమని అక్కడి భీమా కంపెనీల రహదారి భద్రతా సంస్థ 2023లో ప్రకటించినది. అంత ఎత్తు బానెటు ముందు అయిదేండ్ల బిడ్డ నిలుచున్నచో నడిపేవారికి కనిపించదు. ఈ ఒక్క విషయంలో 1966 నాటి వాగను పక్షమే నేను వహిస్తాను.

ఇక మారువేషం సంగతి. 1994లో జపానులో టయోటా ఆర్.ఎ.వి.4ను, 1997లో సుబారు ఫారెస్టరును విడుదల చేసినవి. వీటికి ట్రక్కు చట్రం లేదు. కారువలెనే ఒడలు, చట్రం ఏకమైన కట్టడం. కారు ఇంజను, కారు సస్పెన్షను. పైన మాత్రం ఎత్తైన జీపు వేషం. ఇదే సుబారు తన అవుట్‌బ్యాక్ వాగనును 2005 నమూనాలో కొద్దిగా ఎత్తు పెంచి, చట్టరీత్యా తేలిక ట్రక్కుగా మార్చినది. నిన్నటి కారు కొన్ని మిల్లీమీటర్లతో నేడు ట్రక్కయినది.

మన దేశంలో ఈ కథ మరొక దారిలో నడిచినది. మహీంద్రా కంపెనీ 1947లో విల్లీస్ జీపులను ఇక్కడ అమర్చసాగినది. 1952లో సమాజాభివృద్ధి పథకం ఆరంభమైన తరువాత, బ్లాకు అధికారి జీపు దుమ్ము లేపుకొంటూ రావడమే అనేక పల్లెలకు ప్రభుత్వ దర్శనం. తెలుగునాట జీపు అనగా అధికారం. స్టేషను వాగనుకు ఇక్కడ ఆ భాగ్యం కలుగలేదు. టాటా కంపెనీ 1992లో ఎస్టేట్ పేరుతో చక్కని వాగనును తెచ్చినను జనం ఆదరించలేదు. అదే కంపెనీ 1994లో తెచ్చిన సుమో ఊరూరా తిరిగినది. మన చలనచిత్రాలలో ప్రతినాయకుని పరివారం సుమోలలో దిగుటయు, ఆ సుమోలు గాలిలోకి ఎగురుటయు శ్రోతలకు నేను వర్ణించనక్కరలేదు.

ఇక్కడను చట్టమే కత్తెర పట్టినది. 2006లో నాలుగు మీటర్ల లోపు చిన్న ఇంజను కార్లకు ఎక్సైజు సుంకం తగ్గించుటతో, వెనుక భాగం నరికినట్లున్న కార్లు బయలుదేరినవి. 2013లో నాలుగు మీటర్లకు మించిన పొడవు, 1500 సి.సి.కి మించిన ఇంజను, నేలకు 170 మిల్లీమీటర్లు లేక అంతకు మించిన ఎత్తు గల వాహనాలను ఎస్.యు.వి.లని నిర్వచించి సుంకం 27 నుండి 30 శాతానికి పెంచినారు. ఒక కంపెనీ తన బండి రకాలలో ఒకదానిని ఆ గీత కిందికి దించి అమ్మినది. అమెరికాలో సుబారు పైకెత్తినది, ఇక్కడ వీరు కిందికి దించినారు; కారణం మాత్రం ఒక్కటే. నాలుగు మీటర్ల గీత 2025 సెప్టెంబరు జి.ఎస్.టి. సవరణలోను నిలిచియే ఉన్నది.

2019 ఆగస్టులో అనంతపురం జిల్లా, ఇప్పటి శ్రీ సత్యసాయి జిల్లా పెనుకొండ వద్ద కియా కర్మాగారంనుండి మొదటి సెల్టోస్ వాహనం వెలువడినది. దానిని అందరును ఎస్.యు.వి. అంటారు. కారు కట్టడం, ముందు చక్రాల చోదనం, వెనుక సీటు మడిచినచో సామానులకు విశాలమైన చోటు: 1929లో ఫోర్డు అమ్మిన వస్తువునకు ఉద్దేశంలో ఇది దగ్గరి బంధువు. మన రవాణా శాఖవారి రిజిస్ట్రేషను పత్రంలో మాత్రం దాని తరగతి ‘మోటారు కారు’ అనియే ఉంటుంది.