హ్యాగ్లర్ గెలిచిన బేరం

లాస్ వేగాస్‌లోని సీజర్స్ ప్యాలెస్. 1979 నవంబర్ 30 రాత్రి. ఒకే రింగులో వరుసగా రెండు ప్రపంచ టైటిల్ పోటీలు.

ముందు మార్విన్ హ్యాగ్లర్ దిగాడు. నున్నగా గొరిగిన గుండు, ఎడమచేతి వాటం. మిడిల్‌వెయిట్ చాంపియన్ వీటో ఆంటువోఫెర్మోతో పదిహేను రౌండ్లూ పోరాడాడు. టైటిల్ తనదేననుకుని నిలబడ్డాడు. జడ్జీలు డ్రా అన్నారు. డ్రా అయితే బెల్టు పాత చాంపియన్ నడుం దాటదు. ఆ తర్వాత షుగర్ రే లెనార్డ్ వచ్చి, విల్‌ఫ్రెడ్ బెనితెజ్‌ను ఆఖరి రౌండు ఆఖరి క్షణాల్లో ఆపి, వెల్టర్‌వెయిట్ చాంపియనై వెళ్లాడు.

ఆ రాత్రి లెనార్డ్ పర్స్, అంటే పోటీకి దక్కే సొమ్ము, మిలియన్ డాలర్లు. హ్యాగ్లర్‌ది 40 వేలు.

ఈ 40 వేల అంకె హ్యాగ్లర్‌ను ఎందుకంత కాల్చిందో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. లెనార్డ్ 1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలిచినవాడు. అందమైన నవ్వు, టీవీ కెమెరాకు నచ్చే ముఖం. 1977 ఫిబ్రవరిలో బాల్టిమోర్‌లో ఆడిన మొట్టమొదటి ప్రొఫెషనల్ పోటీకే అతనికి 40 వేల డాలర్ల పైచిలుకు ముట్టింది. హ్యాగ్లర్ 1973లో మసాచుసెట్స్‌లోని బ్రాక్టన్ అనే చెప్పుల ఫ్యాక్టరీల ఊళ్లో మొదలుపెట్టాడు. తొలి పోటీకి దక్కింది 50 డాలర్లు. ఆరేళ్లకు పైగా దెబ్బలు తిని, కొట్టి, ప్రపంచ టైటిల్ పోటీ దాకా వస్తే, అక్కడ అతనికిచ్చిన సొమ్మూ లెనార్డ్ మొదటిరోజు సంపాదనా దాదాపు ఒక్కటే.

ప్రొఫెషనల్ బాక్సింగ్‌లో లీగు ఉండదు, ముందే అచ్చేసిన షెడ్యూలు ఉండదు. ఎవరు ఎవరితో ఎప్పుడు తలపడాలన్నది కాంట్రాక్టు మీద సంతకాలు పడ్డాకే తేలుతుంది. ఆ కాంట్రాక్టును నడిపేది ఎవరి పేరుకు ఎన్ని టికెట్లు తెగుతాయన్న లెక్క. హ్యాగ్లర్ దగ్గర గుద్దుకు కొదవ లేదు. టికెట్లు తెంపే పేరే లేకపోయింది. 1980లో లండన్ వెళ్లి అలన్ మింటర్‌ను మూడు రౌండ్లలో ముగించి టైటిల్ గెలిస్తే, అక్కడి జనం బీరు సీసాలు విసిరారు. టీవీవాళ్లు తన పేరు ముందు ‘మార్వెలస్’ అనడం లేదని కోర్టుకెళ్లి మరీ పేరే అలా మార్పించుకున్నాడు. మనిషి ఎంత గాయపడి ఉంటే ఆ పని చేస్తాడు! దాన్ని గర్వమనుకోవడానికి నాకు మనసొప్పదు.

1982 నవంబర్‌లో బాల్టిమోర్‌లో లెనార్డ్ పెద్ద సభ పెట్టాడు. అంతకుముందే కంటి రెటీనా ఊడి ఆపరేషన్ అయింది. భవిష్యత్తు చెబుతానంటూ హ్యాగ్లర్‌ను కూడా పిలిచాడు. హ్యాగ్లర్ సూటు వేసుకుని వచ్చాడు. తన జీవితంలోని అతిపెద్ద పర్స్ ఇక్కడే ఖాయమవుతుందన్న ఆశ. లెనార్డ్ మాత్రం, ఈ గొప్ప చాంపియన్‌తో పోటీ చరిత్రలో నిలిచేదని పొగిడి, అది ఎప్పటికీ జరగదని రిటైర్మెంట్ ప్రకటించాడు.

తర్వాత లెనార్డ్ 1984లో ఒక్కసారి రింగెక్కి, మళ్లీ తప్పుకున్నాడు. 1986 మార్చి 10న హ్యాగ్లర్, జాన్ ముగాబీ తలపడుతుంటే రింగు పక్కన ప్రేక్షకుడిగా కూర్చున్నాడు. పదకొండో రౌండులో హ్యాగ్లర్ గెలిచాడు గానీ కాళ్లు బరువెక్కాయి, దెబ్బలు ఎక్కువ తిన్నాడు. ఇతన్ని నేను ఓడించగలనని ఆ రాత్రే అనిపించిందని లెనార్డ్ తర్వాత చెప్పుకున్నాడు. సవాలు విసిరాడు. హ్యాగ్లర్ నెలల తరబడి ఆలోచించాడు. చివరికి సరే అన్నాడు.

అప్పుడు మొదలైంది అసలు బేరం.

ప్రమోటర్ బాబ్ ఆరమ్. లెనార్డ్ తరఫున లాయర్ మైక్ ట్రెయినర్. హ్యాగ్లర్ వెనక బ్రాక్టన్ రోజుల నుంచీ వీడని కోచ్‌లు పెట్రొనెల్లీ సోదరులు. హ్యాగ్లర్ పట్టుదల ఒక్కటే: చాంపియన్‌ను నేను, లెనార్డ్ కంటే నాకు ఎక్కువ రావాలి. ఏ తూకంలో చూసినా న్యాయమైన కోరిక. లెనార్డ్ వైపు దాన్ని ఒప్పుకుంది. హ్యాగ్లర్‌కు 12 మిలియన్ డాలర్ల గ్యారంటీ, పైన వసూళ్లలో వాటా. ఆనాటి మారకంలో గ్యారంటీ ఒక్కటే మన 15 కోట్ల రూపాయలు దాటుతుంది. లెనార్డ్‌కు 11 మిలియన్లు. ఇంత ఒప్పుకున్నందుకు లెనార్డ్ మూడు షరతులు అడిగాడు: రింగు 20 అడుగులుండాలి, గ్లవ్స్ 10 ఔన్సులవి కావాలి, పోటీ 12 రౌండ్లకే ముగియాలి.

పొలం బేరంలో ధర దగ్గర పంతం పట్టి, గట్టు ఎక్కడ వేయాలో ఎదుటివాడికి వదిలేసినట్టయింది.

ఒక్కొక్కటీ చూడండి. 20 అడుగుల రింగంటే 400 చదరపు అడుగులు. 18 అడుగులదైతే 324. ఆ 76 చదరపు అడుగులూ తప్పించుకు తిరిగేవాడికి లాభం, తరిమేవాడికి ఆయాసం. 8 ఔన్సుల గ్లవ్స్‌కు బదులు 10 ఔన్సులవంటే పిడికిలి మీద మరో 57 గ్రాములు. గుద్దే హ్యాగ్లర్‌కు అది నష్టం. అయిదేళ్లలో ఒక్కటే పోటీ ఆడి, కంటికి ఆపరేషన్ చేయించుకున్న లెనార్డ్‌కు రక్షణ.

నన్ను ఎక్కువ బాధపెట్టేది మూడోది. దక్షిణ కొరియా బాక్సర్ కిమ్ డుక్-కూ 1982లో పద్నాలుగో రౌండులో కుప్పకూలి మరణించాక, వరల్డ్ బాక్సింగ్ కౌన్సిల్ తన పోటీలను 12 రౌండ్లకు కుదించింది. మిగతా సంస్థల్లో పదిహేను అప్పటికింకా నడుస్తూనే ఉంది. 1983లో రోబెర్టో డురాన్‌తో హ్యాగ్లర్ ఆడింది పదిహేను రౌండ్ల పోటీ. పదమూడు రౌండ్లు ముగిసేసరికి ఇద్దరు జడ్జీల కార్డుల మీద డురానే ఒక పాయింటు ముందున్నాడు. పద్నాలుగు, పదిహేను రౌండ్లు గుంజుకుని హ్యాగ్లర్ టైటిల్ నిలబెట్టుకున్నాడు. తన టైటిల్ కాపాడిన ఆ చివరి రౌండ్లనే, నాలుగేళ్లు తిరగకముందే, డబ్బు కోసం వదిలేసుకున్నాడు.

బెల్టులూ పోయాయి. వరల్డ్ బాక్సింగ్ అసోసియేషన్ ఇంగ్లండ్ ఆటగాడు హెరోల్ గ్రాహమ్‌తో ఆడమంది. గ్రాహమ్‌తో ఆడితే ఇంత డబ్బెక్కడిది? హ్యాగ్లర్ లెనార్డ్‌నే ఎంచుకున్నాడు, ఆ సంస్థ టైటిల్ లాగేసుకుంది. జడ్జీల దగ్గరా బేరమే. బ్రిటన్‌కు చెందిన హ్యారీ గిబ్స్ వద్దని హ్యాగ్లర్ శిబిరం పట్టుబడితే, మెక్సికో నుంచి హోహో గెర్రా వచ్చాడు.

1987 ఏప్రిల్ 6. మళ్లీ సీజర్స్ ప్యాలెస్. పందేలన్నీ హ్యాగ్లర్ వైపే. ఎందుకో గానీ ఆరంభంలో తన ఎడమచేతి వాటాన్ని పక్కన పెట్టి కుడిచేతి వాటంలో నిలబడ్డాడు. మొదటి రెండు రౌండ్లు లెనార్డ్ ఎగరేసుకుపోయాడు. తర్వాత హ్యాగ్లర్ తన వాటానికి వచ్చాడు. అయిదో రౌండులో లెనార్డ్ కాళ్లు తడబడ్డాయి. తొమ్మిదిలో మూలకు చిక్కి తాళ్లకు ఆనుకున్నాడు. ఇక అయిపోయిందనుకునే వేళ గుద్దుల జల్లు కురిపించి జారుకున్నాడు. ఆ వెడల్పాటి రింగులో జారుకోవడానికి చోటుంది. ప్రతి రౌండులో చివరి అర నిమిషం మిగలగానే అతని మూల నుంచి కేక. వెంటనే పిడిగుద్దులు. జడ్జీల కళ్లలో చివరగా మిగిలేది అదే. పన్నెండో రౌండు గంట మోగేసరికి లెనార్డ్‌లో సత్తువ లేదు. పదమూడో రౌండు ఉంటే ఏమయ్యేదన్న చర్చ బాక్సింగ్ అభిమానుల్లో ఇప్పటికీ నడుస్తోంది.

జడ్జీల్లో లూ ఫిలిప్పో కార్డు 115-113, హ్యాగ్లర్‌కు. డేవ్ మొరెటి కార్డు 115-113, లెనార్డ్‌కు. గెర్రా వేసినది 118-110, లెనార్డ్‌కే. వద్దని పంపేసిన గిబ్స్ తర్వాత చెప్పాడు: తానైతే హ్యాగ్లర్‌కే ఇచ్చేవాడినని.

హ్యాగ్లర్ రీమ్యాచ్ అడిగాడు. లెనార్డ్ రిటైరయ్యానన్నాడు. ఏడాదికి పైగా ఎదురుచూసి, 1988 జూన్‌లో హ్యాగ్లర్ తానే గ్లవ్స్ వదిలి ఇటలీ వెళ్లి సినిమాల్లో నటించాడు. గెలిచింది తానేనన్న మాట 2021 మార్చిలో కన్నుమూసేదాకా వదల్లేదు. 1990లో లెనార్డ్ నుంచి రీమ్యాచ్ కబురు వచ్చింది. ఈసారి హ్యాగ్లర్ వాటా 15 మిలియన్ డాలర్లని వార్తలొచ్చాయి. హ్యాగ్లర్ అక్కర్లేదన్నాడు.