బస్తీలో కంప్యూటర్ సెంటర్: పిల్లల్ని చేర్పించే ముందు తెలుసుకోవాల్సినవి

హైదరాబాద్ పాతబస్తీ కానివ్వండి, కర్నూలు, నిజామాబాద్, విజయవాడల్లోని మన మొహల్లాలు కానివ్వండి, ఎక్కడో ఒకచోట ‘ఉచిత కంప్యూటర్ శిక్షణ, సర్టిఫికెట్ ఇవ్వబడును’ అనే బ్యానర్ కనిపిస్తూనే ఉంటుంది. కొన్ని సెంటర్లు నిజంగా పిల్లల బతుకులు మార్చాయి. కొన్ని మాత్రం ఆరు నెలల్లో తాళం వేసుకుని వెళ్లిపోయాయి. పేద కుటుంబానికి ఇందులో పోయేది ఫీజు ఒక్కటే కాదు. పదో తరగతి, ఇంటర్ అయిన పిల్లల విలువైన ఒక ఏడాది కూడా పోతుంది. అందుకే ఇలాంటి శిక్షణ ఎలా మొదలైంది, ఎక్కడ ఎందుకు నిలబడింది, మనకు అందుబాటులో ఏమున్నాయి, చేరే ముందు ఏం అడగాలి అన్నవి ఇక్కడ ఒకచోట ఇస్తున్నాం.

అవసరం ఎంత ఉంది?

2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ల వాళ్లను ‘ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడారా’ అని అడిగారు. దేశం మొత్తం మీద మగవాళ్లలో 57 శాతం మంది, ఆడవాళ్లలో 33 శాతం మంది వాడామన్నారు. తెలంగాణలో ఆడవాళ్ల సంఖ్య 26.5 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 21 శాతమే. అంటే ఏపీలో ప్రతి అయిదుగురు ఆడవాళ్లలో నలుగురు అప్పటికి ఇంటర్నెట్ ముట్టుకోలేదన్నమాట. ఆ తర్వాత ఫోన్లు పెరిగాయి, నిజమే. కానీ ఫోన్లో వీడియోలు చూడటం వేరు, స్కాలర్‌షిప్ ఫారం సొంతంగా నింపడం, ఎక్సెల్‌లో లెక్క వేయడం వేరు.

ఈ ఆలోచన ఎక్కడిది?

పేదల బస్తీలోనే కంప్యూటర్ సెంటర్ పెట్టాలన్న ఆలోచన కొత్తదేమీ కాదు. న్యూయార్క్‌లో లెక్కల టీచరుగా పనిచేసిన ఆంటోనియా స్టోన్ 1983లో నల్లజాతి పేదలు ఎక్కువగా ఉండే హార్లెమ్‌లో, ప్రభుత్వ గృహ సముదాయం కింది అంతస్తులో ఇలాంటి సెంటర్ తెరిచారు. ఇళ్లలో కంప్యూటర్ కొనుక్కోలేని వాళ్లు నడిచి వచ్చే దూరంలోనే అది ఉండాలన్నది ఆమె ఆలోచన. 1993లో బోస్టన్‌లో కంప్యూటర్ మ్యూజియం, ఎంఐటీ మీడియా ల్యాబ్ కలిసి పిల్లల కోసం ‘కంప్యూటర్ క్లబ్‌హౌస్’ మొదలుపెట్టాయి. అక్కడ పాఠాలు బట్టీ పట్టించరు. పిల్లలే ఆటలు, బొమ్మలు, సంగీతం తయారు చేస్తారు, పెద్దవాళ్లు పక్కనుండి సాయం చేస్తారు.

1995లో బ్రెజిల్‌లోని రియోలో రోడ్రిగో బజియో అనే యువకుడు ఒక కొండ మీది మురికివాడలో కంప్యూటర్ స్కూలు పెట్టారు. ఆయన సంస్థ పాత కంప్యూటర్లు సేకరించి ఇచ్చేది, టీచర్లకు శిక్షణ ఇచ్చేది. స్కూలు నడిపే బాధ్యత మాత్రం బస్తీవాళ్లదే. పిల్లల దగ్గర చిన్న ఫీజు తీసుకుని ఖర్చులు వాళ్లే చూసుకునేవారు. ‘ఇది మన స్కూలు’ అనే భావన ఉండబట్టే ఆ పద్ధతి ఇతర దేశాలకూ వెళ్లింది.

మన దేశంలో ఏం జరిగింది?

1999లో ఢిల్లీ కాల్కాజీలో ఎన్ఐఐటీ సంస్థకు చెందిన సుగతా మిత్రా మురికివాడ పక్కనున్న గోడకు కంత చేసి కంప్యూటర్ పెట్టారు. నేర్పేవాళ్లు లేకుండానే పిల్లలు మౌస్ కదపడం నేర్చుకున్నారు. ప్రపంచమంతా దీని గురించి మాట్లాడుకుంది. ఆ తర్వాత ఢిల్లీలోనే పెట్టిన ఇలాంటి కియోస్కును చూసిన అమెరికా పరిశోధకుడు మార్క్ వార్షావర్ మరో కోణం చెప్పారు. ఇంటర్నెట్ సరిగా రాదు, హిందీలో సమాచారం దొరకదు, చెప్పేవాళ్లు లేరు. దాంతో పిల్లల సమయం ఎక్కువగా ఆటలకు, బొమ్మలు గీయడానికే పోయిందని రాశారు. పెట్టె ఒక్కటే పెడితే సరిపోదని దీంతో తేలింది.

ఢిల్లీలోనే మరో ఉదాహరణ మనకు మరింత దగ్గరిది. ముస్లిం పేద కుటుంబాలు ఎక్కువగా ఉండే సీలంపూర్‌లో 2000 దశకం మొదట్లో డేటామేషన్ ఫౌండేషన్, యునెస్కో కలిసి ఆడవాళ్ల కోసం కంప్యూటర్ సెంటర్ పెట్టాయి. దాన్ని బాబుల్ ఉలూమ్ మదరసా ఆవరణలోనే పెట్టారు. ఆడపిల్లల్ని దూరం పంపడానికి జంకే ఇళ్లు కూడా తెలిసిన చోటు, తెలిసిన మనుషులు అనేసరికి ఒప్పుకుంటాయి. ఇక్కడ కంప్యూటర్లతో పాటు ఆరోగ్యం, ఉపాధి విషయాలు కూడా అందించారు. జాగా ఎంపికే సగం పని అన్నది ఇందులో మనం నేర్చుకోవాల్సింది.

2017లో కేంద్రం ప్రధానమంత్రి గ్రామీణ డిజిటల్ సాక్షరతా అభియాన్ మొదలుపెట్టింది. ఇంటికి ఒకరి చొప్పున 6 కోట్ల కుటుంబాలకు 20 గంటల శిక్షణ ఇవ్వాలన్నది లక్ష్యం. అయితే పేరులోనే ఉన్నట్టు అది పల్లెలకు. నగరాల్లోని పేద బస్తీలు దాని పరిధిలోకి రాలేదు. అందుకే పట్నం మొహల్లాల్లో సొసైటీలు, మదరసాలు, స్వచ్ఛంద సంస్థలే ఈ బాధ్యత మోయాల్సి వచ్చింది.

మనకు అందుబాటులో ఉన్నవి

సీసీసీ: కేంద్ర ఐటీ శాఖ కింది నైలిట్ ఇచ్చే ప్రాథమిక కోర్సు. 80 గంటలు. చదువు అర్హత పెట్టలేదు. ఏ సెంటర్‌లోనూ చేరకుండా నేరుగా దరఖాస్తు చేసి పరీక్ష రాయొచ్చు. ఇంకా చిన్నది కావాలంటే 36 గంటల బీసీసీ ఉంది.

ఉర్దూ కౌన్సిల్ డిప్లొమా: జాతీయ ఉర్దూ భాషాభివృద్ధి మండలి తన అనుమతి ఉన్న సెంటర్ల ద్వారా ఏడాది కోర్సు నడుపుతుంది. ఇందులో కంప్యూటర్, బిజినెస్ అకౌంటింగ్, బహుభాషా డీటీపీ ఉంటాయి. ఛత్తా బజార్ ప్రెస్సుల్లో ఒకప్పుడు కాతిబ్‌లు చేత్తో రాసిన పెళ్లి కార్డులు ఇప్పుడు కంప్యూటర్ మీదే తయారవుతున్నాయి. ఉర్దూ, తెలుగు, ఇంగ్లీషు మూడూ టైపు చేయగల మనిషికి ఆ పనిలో విలువ ఉంటుంది.

సెట్విన్: హైదరాబాద్, సికింద్రాబాద్ జంటనగరాల యువత కోసం 1978లో ఏర్పడిన ప్రభుత్వ సంస్థ. కంప్యూటర్, కుట్టుపని లాంటి శిక్షణలు ఇస్తుంది.

మనూ పాలిటెక్నిక్‌లు: మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయానికి హైదరాబాద్‌లో, కడపలో పాలిటెక్నిక్‌లు ఉన్నాయి. ఉర్దూ మీడియంలో పదో తరగతి చదివిన పిల్లలకు ఇది మంచి దారి.

కేంద్ర మైనారిటీ పథకాలు: 2013లో వచ్చిన ‘సీఖో ఔర్ కమావో’ను తర్వాత పీఎం వికాస్ పథకంలో కలిపేశారు. పాత పేరుతో ఎవరైనా డబ్బు అడిగితే జాగ్రత్త పడండి.

చేరే ముందు అడగాల్సిన ప్రశ్నలు

1. సర్టిఫికెట్ మీద ఎవరి పేరు ఉంటుంది? సెంటర్ పేరు ఒక్కటే ఉంటే ఉద్యోగానికి పెద్దగా పనికిరాదు. నైలిట్, ఉర్దూ కౌన్సిల్ పేర్లు చెబితే, ఆ సంస్థల వెబ్‌సైట్లలో సెంటర్ పేరు ఉందో లేదో చూడండి.

2. ఒక్కో పిల్లవాడికి ఒక కంప్యూటర్ ఉందా? ముగ్గురు ఒకదాని ముందు కూర్చుంటే నేర్చుకునేది ఒక్కరే, మిగిలినవాళ్లు చూసేవాళ్లు.

3. ఆడపిల్లలకు వేరే బ్యాచ్ ఉందా, నేర్పేది ఆడ టీచరా? టైమింగ్ ఎప్పుడు? ఇంటిపని అయ్యాక జొహర్, అసర్ మధ్య బ్యాచ్ ఉంటే చాలామంది రాగలరు. రాత్రి ఏడింటి బ్యాచ్‌కి పంపడం చాలా ఇళ్లకు కుదరదు.

4. ఏ భాషలో చెబుతారు? ఇంట్లో ఉర్దూ, బడిలో తెలుగు, తెర మీద ఇంగ్లీషు. ఈ మూడింటినీ కలిపి చెప్పగల టీచర్ దొరికితే వదులుకోవద్దు.

5. పోయినేడు నేర్చుకున్నవాళ్లు ఇప్పుడు ఏం చేస్తున్నారు? ఇద్దరు ముగ్గురితో మాట్లాడించమనండి. నిజమైన సెంటర్ సంతోషంగా మాట్లాడిస్తుంది.

6. ఫీజు ఉంటే రసీదు ఇస్తారా? ‘ఉచితం’ అంటూ రిజిస్ట్రేషన్ పేరుతో వేలు అడిగితే, ఒరిజినల్ మెమోలు తీసుకుని పెట్టుకుంటామంటే అక్కడి నుంచి వచ్చేయండి.

మొహల్లాలో సెంటర్ పెట్టాలనుకుంటే

కంప్యూటర్లు దానం ఇచ్చేవాళ్లు దొరుకుతారు. నెల నెలా కరెంటు బిల్లు, ఇంటర్నెట్, రిపేరు, టీచర్ జీతం ఇచ్చేవాళ్లు దొరకడం కష్టం. చాలా సెంటర్లు మూతపడేది ఇక్కడే. కాబట్టి ప్రారంభోత్సవానికి ముందే రెండేళ్ల ఖర్చు లెక్క కాగితం మీద వేసుకోండి. అయిదు కంప్యూటర్లతో మొదలుపెట్టినా పర్లేదు. పిల్లల దగ్గర చిన్న ఫీజు తీసుకోండి, బొత్తిగా లేనివాళ్లకు మాఫీ చేయండి. మొదటి బ్యాచ్‌లో బాగా నేర్చుకున్న అమ్మాయిని రెండో బ్యాచ్‌కి జీతం ఇచ్చి టీచరుగా పెట్టుకోండి. ఆమెను చూసి ఆ వీధిలోని మిగతా ఇళ్లవాళ్లు కూడా తమ కూతుళ్లను పంపుతారు.