పోయినేటి లెక్క

2004 సంక్రాంతికి అనంతపురం జిల్లాలో మా పెదనాన్నగారి ఊరు వెళ్ళాను. పంచాయతీ టీవీలో ‘భారత్ వెలిగిపోతోంది’ ప్రకటన వస్తోంది. దేశం కరువు నుండి కోలుకుందనీ, వృద్ధి రేటు 8 శాతం దాటిందనీ నేనాయనకు చదువుకున్నవాడి ధీమాతో వివరించాను. ఆయన సావధానంగా విని ఒకే మాటన్నాడు:

“పోయినేటికన్నా బాగుండాదంటే, పోయినేడు ఎట్లుండెనో గూడా సెప్పల్ల గదరా?”

ఆనాడు నవ్వి ఊరుకున్నాను. ఆ ఒక్క ప్రశ్నలో ఎంత అర్థశాస్త్రముందో గ్రహించడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది.

2002లో నైరుతి ఋతుపవనాలు, ముఖ్యంగా జూలైలో, ఘోరంగా విఫలమయ్యాయి. 2002-03లో దేశ వృద్ధి దాదాపు 4 శాతానికి దిగింది. వ్యవసాయోత్పత్తి సుమారు 7 శాతం పడిపోయింది. మరుసటి ఏడు వానలు కురిసి, వ్యవసాయం సుమారు 10 శాతం పెరిగింది. అంకె అబద్ధం కాదు. కానీ నూరు బస్తాలు పండే చేను ఒక ఏడు తొంభై మూడు పండి, మరుసటి ఏడు దానిమీద పది శాతం పెరిగితే చేతికొచ్చేది నూట రెండు. రెండేళ్ళకు కలిసొచ్చింది రెండు బస్తాలు! పడిన గోతిలోంచి పైకి రావడాన్ని కొండ ఎక్కడంగా చూపించారన్నమాట.

పైగా అది దేశం మొత్తానికి సగటు. వేరుశనగనే నమ్ముకున్న అనంతపురానికి ఆ సగటులోని వాన దక్కలేదు. ఎండిన బోర్లు, వాటికోసం చేసిన అప్పులు ఏ ప్రకటనలోనూ కనబడలేదు. 2003లో జరిగిన జాతీయ నమూనా సర్వే ప్రకారం దేశంలో 48.6 శాతం రైతు కుటుంబాలు అప్పుల్లో ఉండగా, ఆంధ్రప్రదేశ్‌లో ఆ సంఖ్య 82 శాతం, దేశంలోకెల్లా అధికం. ఆ నివేదిక వెలువడింది మాత్రం 2005లో, అంటే ఎన్నికలు ముగిశాక. జనానికి తమ సంగతి తెలియడానికి నివేదిక అవసరం లేకపోయింది.

2004 మే నెలలో ఫలితాలొచ్చాయి. చాలా సర్వేలు ఎన్డీయేదే పైచేయి అన్నాయి. భాజపా 182 నుండి 138 స్థానాలకు తగ్గింది. రాష్ట్రంలో తెలుగుదేశం 180 నుండి 47కు పడిపోయింది. ఒక నినాదమే ఓడించిందనడం తొందరపాటు. పొత్తులు, తెలంగాణ అంశం, ఉచిత విద్యుత్ వాగ్దానం, ఇలా కారణాలనేకం. ప్రభుత్వం మారగానే రైతుల ఆత్మహత్యలు ఆగిపోలేదు కూడా. కనుక ఇది ఒక పార్టీ కథ కాదు.

నాకు మిగిలిన పాఠం వేరు. జనం అంకెల్ని నమ్మకపోతే అది వారి అజ్ఞానమని విద్యావంతులం తేలిగ్గా అనేస్తాం. ఆ సంక్రాంతికి నేనూ అలాగే అనుకున్నాను. నిజానికి పెదనాన్న అంకెను కాదనలేదు. దానికి ముందున్న అంకెను అడిగాడు, అంతే.

ఆయన ఇప్పుడు లేరు. కానీ ‘కోలుకున్నాం’ అని ఏ ప్రభుత్వం ప్రకటించినా నాకు ముందుగా వినిపించేది ఆయన గొంతే: పోయినేడు ఎట్లుండెనో?