లేచిండు కదా, ఏం కాలే

జనగామలో సంక్రాంతి పొద్దు. పైఅంతస్తు తర్వాత వేద్దామని పిట్టగోడ కట్టకుండా వదిలేసిన స్లాబు మీద నిలబడ్డారు మీరు. పిల్లర్ల చువ్వలు అలాగే బయటికి ఉన్నాయి. పదేళ్ల పిల్లగాడు పతంగికి దారం వదులుతూ వెనక్కి అడుగులేస్తున్నాడు. చూపంతా ఆకాశంలోనే. మీరు "అరేయ్, ఆగురా!" అనేలోపే అంచు దాటాడు.

కింద ఇసుక కుప్ప. వాడే లేచి కూర్చున్నాడు. చెవి పైన బొప్పి కట్టింది. తల్లి పసుపు అద్ది నీళ్లు తాగించింది. "లేచిండు కదా, ఏం కాలే" అన్నారెవరో. నాకు భయం పుట్టించే మాట అదే. చెవి పైన పుర్రె ఎముక పలుచన. దాని లోపలి వైపు ఆనుకొని ఒక ధమని పోతుంది. అది చిట్లితే ఎముకకూ మెదడు పైపొరకూ మధ్య నెత్తురు చేరుతూ ఉంటుంది, పిల్లవాడు మాత్రం కాసేపు మామూలుగా మాట్లాడతాడు, సకినాలు అడుగుతాడు. మధ్యాహ్నానికి ఒక వాంతి, వెంటనే ఇంకోటి. "అలిసిండు, పండుకోనీ" అంటుంది నాయనమ్మ. పడుకోనివ్వకండి, 108కి ఫోన్ చేయండి.

అంబులెన్స్ వరంగల్ దారి పట్టింది. లోపలి ఉద్యోగి పిల్లాడి కళ్లలో టార్చి వేసి రెండు కంటిపాపలూ ఒకే తీరుగా ఉన్నాయా చూస్తున్నాడు. పేరు అడుగుతున్నాడు, చెయ్యి బిగించమంటున్నాడు. కళ్లకు 4, మాటకు 5, కదలికకు 6, మొత్తం 15. టీస్‌డేల్, జెన్నెట్ అనే వైద్యులు 1974లో గ్లాస్గోలో ఇచ్చిన స్పృహ కొలతకు ఇప్పటి రూపం ఇది. ఆ అంకె తగ్గుతోందంటే లోపల ఒత్తిడి పెరుగుతోందేమోనని అనుమానించాలి.

మార్చిలో మహబూబాబాద్. స్లాబు మీద ఆరబోసిన మిరపకాయల మీదికి కోతుల మంద దిగింది. కర్ర పట్టుకొని పైకి ఉరికింది ఇల్లాలు. మెట్లకు పట్టుకోను కమ్మీ లేదు. కింద గదిలో మంచం మీద ఏడాది లోపు పాప ఒక్కతే ఉంది, మీరు గుమ్మంలో ఉన్నారు. పాప దొర్లుతోంది, ఉరకండి. పుట్టిన బిడ్డ పొడవులో నాలుగో వంతు తలే. అందుకే పసివాళ్లు ఎక్కడ నుంచి పడ్డా తల ముందు తగిలే అవకాశం ఎక్కువ. మీ చెయ్యి అందింది. పైన ఇంకా కర్ర చప్పుడు వినిపిస్తోంది.

ఇక భూపాలపల్లి, సింగరేణి కాలనీ. కేటీకే గనిలో రాత్రి షిఫ్టు దిగొచ్చిన కొడుకు హెల్మెట్ మేకుకు తగిలించాడు. అదే తెల్లవారుజామున, లైటు వేయకుండా బాత్రూంకు వెళ్లిన డెబ్బై ఐదేళ్ల తండ్రి నున్నటి టైల్స్ మీద జారాడు. నల్లా గట్టుకు తల తగిలింది. నెత్తురు రాలేదు, తానే లేచి వచ్చాడు, కోడలికి కూడా చెప్పలేదు.

మూడు వారాల తర్వాత మీరు ఆ ఇంటికి వెళ్తే ముసలాయన ఎడమకాలు ఈడుస్తున్నాడు. మనవడి పేరు తడుముకుంటున్నాడు. "వయసు మీద పడ్డది" అనుకుంటున్నారు ఇంట్లో. వయసుతో మెదడు కొంత కుంచించుకుపోతుంది. దానికీ పైపొరకూ మధ్యనున్న సన్నటి సిరలు సాగి ఉంటాయి, చిన్న దెబ్బకే తెగుతాయి. గుండె కోసం రక్తం పల్చబరిచే గోళీలు వాడుతుంటే కారడం ఒక పట్టాన ఆగదు. బొట్టుబొట్టుగా వారాల తరబడి చేరుతుంది. స్లాబు మీద నుంచి పడ్డ పిల్లాణ్ని ఊరంతా చూసింది. ఈయన పడటం ఎవరూ చూడలేదు.

వరంగల్‌లో స్కానింగ్ బొమ్మ వెలుతురుకు పట్టి డాక్టరు అడిగారు: "ఈ మధ్య ఎక్కడన్నా పడ్డారా?"

"లేదు సార్" అన్నాడు కొడుకు. కోడలు మామ మొహం వైపు చూసింది. "మామా, మొన్న బాత్రూంల చప్పుడైంది, బకెట్ పడ్డదన్నవు కదా?"

ముసలాయన తల దించుకున్నాడు.

పుర్రెకు చిన్న రంధ్రం చేసి ఆ పాత నెత్తురు తీసేయొచ్చని చెప్పారు డాక్టరు. కాగితం మీద సంతకం పెట్టి, కొడుకు బయటికొచ్చి మేస్త్రీకి ఫోన్ కలిపాడు. నున్నటి టైల్స్ తీసి గరుకువి వేయాలి, గోడకు ఒక రాడ్డు బిగించాలి. ఎంత ఎత్తున అని అటు నుంచి అడుగుతున్నాడు మేస్త్రీ.

"మా బాపు మోచేతి ఎత్తు."