మజిల్ కారుకు బలమైన క్లచ్: ఎంపిక

1960లలోనూ 70ల తొలినాళ్లలోనూ అమెరికన్ కంపెనీలు మధ్యతరహా కార్లలో పెద్ద వీ8 ఇంజన్లు బిగించి అమ్మిన రెండు తలుపుల వాహనాలను మజిల్ కార్లంటారు. 1964 నాటి పాంటియాక్ జీటీవోతో ఈ ఒరవడి ఊపందుకుంది. ఇలాంటి కారులో ఇంజను శక్తి పెంచాక ముందుగా చేతులెత్తేసేది చాలాసార్లు క్లచ్చే. పై గేరులో యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే ఇంజను మోత పెరుగుతుంది గానీ వేగం పెరగదు. క్లచ్ జారుతోందని దానర్థం.

ఇంజను శక్తి పెంచకపోయినా ఈ ఇబ్బంది రావచ్చు. 1970 షెవర్లే షెవెల్ ఎస్‌ఎస్‌కు కంపెనీ ఇచ్చిన ఎఫ్70-14 టైర్లు సన్నవి, పట్టు తక్కువ. ఒక్కసారిగా క్లచ్ వదిలితే అవి అక్కడే గిర్రున తిరిగేవి, క్లచ్ మీద పడాల్సిన భారం పొగగా పోయేది. అంటే టైర్లే ఫ్యూజులా పనిచేసేవన్నమాట. ఇప్పుడు వెడల్పాటి రేడియల్ టైర్లు వేస్తే అవి రోడ్డును వదలవు, జారడం క్లచ్ వంతవుతుంది.

క్లచ్ కొనేవారు సాధారణంగా హార్స్‌పవర్ చెబుతారు. చెప్పాల్సింది టార్క్. షెవెల్‌లోని 454 ఎల్‌ఎస్6 ఇంజనుకు కంపెనీ ప్రకటించిన శక్తి 450 హార్స్‌పవర్, టార్క్ 500 పౌండ్-అడుగులు, అంటే సుమారు 678 న్యూటన్ మీటర్లు. నిమిషానికి 7,000 చుట్లు తిరిగి అదే 450 హార్స్‌పవర్ ఇచ్చే చిన్న ఇంజను ఆ వేగంలో పుట్టించే టార్క్ 340 పౌండ్-అడుగుల లోపే. రెండింటికీ ఒకే క్లచ్ సరిపోదు. పైగా 1972కు ముందు ప్రచార పత్రాల్లోని అంకెలు గ్రాస్ లెక్కలు, ఇంజనును విడిగా నిలబెట్టి కొలిచినవి. క్రైస్లర్ 426 హెమీకి 1971లో గ్రాస్ 425, నెట్ 350 అని రెండు అంకెలుండేవి. కాబట్టి పాత కరపత్రం కంటే డైనమోమీటర్ కాగితాన్ని నమ్మడం మేలు.

క్లచ్ మోయగల టార్క్ నాలుగింటి లబ్ధం: ఘర్షణ గుణకం, రాపిడి ముఖాల సంఖ్య, ప్రెజర్ ప్లేటు నొక్కే బలం, ప్లేటు సగటు వ్యాసార్థం. బయటి వ్యాసం 11 అంగుళాలు, లోపలిది 6.5 అంగుళాలు ఉన్న ఒక క్లచ్ ప్లేటును 2,400 పౌండ్ల బలంతో నొక్కితే, గుణకం 0.3 అనుకుంటే, దాదాపు 525 పౌండ్-అడుగులు వస్తాయి. ఎల్‌ఎస్6కు ఇది బొటాబొటి. ప్లేటు 10.5 అంగుళాలదైతే తగ్గేది 3 శాతమే. వ్యాసం గురించి జరిగే చర్చకూ దాని ఫలితానికీ పొంతన లేదు.

నొక్కే బలం పెంచడం తేలికైన దారిలా కనిపిస్తుంది. దాని ఖరీదు ఎడమ కాలుకు తెలుస్తుంది. పెడల్ బరువెక్కుతుంది, పెడల్‌నూ క్లచ్ ఫోర్కునూ కలిపే జెడ్-బార్ వంగుతుంది, క్రాంక్‌షాఫ్ట్ థ్రస్ట్ బేరింగ్ మీద భారం పెరుగుతుంది. క్రైస్లర్ కార్లలో ఎక్కువగా కనిపించే బోర్గ్ అండ్ బెక్, ఫోర్డ్‌లో ఎక్కువగా వాడిన లాంగ్ రకాలు కాయిల్ స్ప్రింగులతో నొక్కుతాయి. ప్లేటు మీది రాపిడి పొర, అంటే లైనింగ్, అరిగేకొద్దీ వాటి బలం తగ్గుతుంది. జనరల్ మోటార్స్ ఇష్టపడిన డయాఫ్రం రకంలో అరుగుదలతో బలం మొదట కొంత పెరిగి తర్వాత తగ్గుతుంది. పెడల్ కూడా తేలిక. అయితే పాత డయాఫ్రం క్లచ్‌లతో అధిక వేగంలో గేరు మారిస్తే పెడల్ ఒక్కోసారి నేలకు అతుక్కునేది. పాత క్రైస్లర్ కారులో బోర్గ్ అండ్ బెక్ తీసి డయాఫ్రం పెట్టేవారు పెడల్ దగ్గరి సహాయక స్ప్రింగును కూడా తీసేయాలి. లేకపోతే తొక్కిన పెడల్ తిరిగి పైకి రాదు.

లైనింగ్ విషయంలో అత్యాశే ఎక్కువ. ఆర్గానిక్ లైనింగ్ మెత్తగా పట్టుకుంటుంది, బాగా వేడెక్కితే పట్టు కోల్పోతుంది. సిరామిక్, సింటర్డ్ ఐరన్ ముక్కల ప్లేట్లు వేడిని తట్టుకుంటాయి గానీ పట్టుకుంటే పూర్తిగా, లేకపోతే అసలు లేదు. ట్రాఫిక్‌లో హాఫ్ క్లచ్ మీద కారు గడగడా వణుకుతుంది. వారానికోసారి షికారుకు తీసే కారుకు రేసు ప్లేటు దండగ. 500 పౌండ్-అడుగులు బాగా దాటితే రెండు ప్లేట్ల క్లచ్ మంచిది. రాపిడి ముఖాలు నాలుగవుతాయి గనుక అదే నొక్కుడు బలంతో రెట్టింపు టార్క్ మోస్తుంది, పెడల్ కూడా కాలికి భారం కాదు. ధర మాత్రం ఎక్కువ.

గేర్లను మరిచిపోతే లెక్క తప్పుతుంది. మన్సీ ఎం22 గేర్‌బాక్సులో మొదటి గేరు 2.20. వెనక ఇరుసు 3.31 అయితే రెండూ కలిపి 7.3 మాత్రమే, 4.10 అయితే 9. మొదటి జతతో బరువైన కారును కదిలించాలంటే క్లచ్‌ను ఎక్కువసేపు జారనివ్వాలి, వేడంతా అక్కడే పుడుతుంది. అలాంటి కారుకు తేలికపాటి అల్యూమినియం ఫ్లైవీల్ వేయడం కోరి తెచ్చుకున్న బాధ. బరువైన స్టీలుదే నయం.

కొనేముందు గేర్‌బాక్స్ షాఫ్టు పళ్లు లెక్కపెట్టాలి. మన్సీల్లో పాతవాటికి 10, తర్వాతివాటికి 26. షెవర్లే ఫ్లైవీల్ 153 పళ్లదా 168 పళ్లదా చూడాలి. 454కు బయటి సమతూకం ఉన్న ఫ్లైవీల్ కావాలి, 396, 427 ఇంజన్లకు అది పనికిరాదు. ఇంజనుకూ గేర్‌బాక్సుకూ మధ్య ఉండే బెల్‌హౌసింగ్ రంధ్రం క్రాంక్ కేంద్రం నుంచి పక్కకు జరిగి ఉంటే ఎంత ఖరీదైన క్లచ్చయినా సరిగా విడవదు. డయల్ సూచిక మొత్తం కదలికను 0.005 అంగుళం మించి చూపితే ఆఫ్‌సెట్ డోవెల్ పిన్నులతో సరిచేస్తారు.

పోత ఇనుప ఫ్లైవీల్ అధిక వేగంలో పగిలితే ముక్కలు నేలను చీల్చుకుని డ్రైవరు కాళ్ల మీదికి వస్తాయి. అందుకే డ్రాగ్ రేసుకు వెళ్లే కార్లకు ఎస్‌ఎఫ్‌ఐ 1.1 భద్రతా ప్రమాణం ఉన్న ఫ్లైవీల్, క్లచ్, 6.1 ప్రమాణం ఉన్న బెల్‌హౌసింగ్ వాడతారు. కొత్త ఆర్గానిక్ ప్లేటు బిగించాక సుమారు 500 మైళ్లు ఊళ్లో గేర్లు మారుస్తూ నెమ్మదిగా నడపమంటారు. హైవే మీద ఒకే గేరులో పోయిన దూరం ఇందులోకి రాదు.