గంటగంటకీ హాజరు

బొమ్మ వేయడానికి పట్టే సమయం కన్నా, ఏం వేయాలో తోచక కొట్టుమిట్టాడే సమయమే ఎక్కువ. ఆ అవస్థనే జనం ముందు పెట్టే కళ గత శతాబ్దం రెండో సగంలో రూపు కట్టింది.

దారి వేసింది ఒక కెమెరా. 1950లో న్యూయార్క్ దగ్గరి లాంగ్ ఐలాండ్‌లో, కాన్వాసును నేల మీద పరిచి రంగులు చిలకరించే జాక్సన్ పొలాక్‌ను హాన్స్ నాముత్ ఫొటోలు తీశాడు. తర్వాత గాజుపలక మీద రంగు వేయించి, కింద కెమెరా పెట్టి సినిమా తీశాడు. జనం చూపు బొమ్మను వదిలి వేసేవాడి మీదికి మళ్లింది. పొలాక్‌కు మాత్రం అది అచ్చిరాలేదు. షూటింగ్ ముగిసిన రోజే, రెండేళ్లుగా మానేసిన మందు మళ్లీ ముట్టాడు. ఆ రాత్రి అతిథుల ముందే భోజనాల బల్ల తిరగేశాడు.

1955లో టోక్యోలో కజువో షిరాగా అనే కళాకారుడు, అదే కళగా, బురదతో కుస్తీ పట్టాడు. ఇదంతా వీరరసం. పని తోచని మనిషిని పట్టుకున్నవాడు బ్రూస్ నౌమన్. చదువు ముగించి కాలిఫోర్నియాలో స్టూడియో పెట్టాడు కానీ అందులో ఏం చేయాలో తెలియలేదు. కాఫీ తాగడం, పచార్లు చేయడం. స్టూడియోలో కళాకారుడు ఏం చేసినా కళే కదా అనుకున్నాడు. 1966లో రెండు కుర్చీల మధ్య గాలిలో తేలబోయి కింద పడ్డాడు. ఆ ప్రయత్నానికి మిగిలిన ఫొటో పేరులోనే ఓటమి ఉంది. ఆ తర్వాత వయొలిన్ గీకుతూ గదంతా తిరిగే సినిమా తీశాడు. చూస్తే విసుగొస్తుంది. రావాలి కూడా.

నా లెక్కలో అందరినీ మించినవాడు టెచింగ్ షే. తైవాన్ నుంచి ఓడ కళాసీగా వచ్చి 1974లో అమెరికాలో జారుకున్నాడు. కాగితాల్లేవు, హోటళ్లలో గిన్నెలు కడిగాడు. 1980 ఏప్రిల్ 11న గుండు చేయించుకుని, కార్మికుడి యూనిఫాం తొడుక్కుని, తన న్యూయార్క్ స్టూడియోలో ఫ్యాక్టరీ హాజరు గడియారం ముందు నిలబడ్డాడు. ఏడాదిపాటు రాత్రీ పగలూ గంటకోసారి కార్డు పంచ్ చేయాలి. చేసినప్పుడల్లా సినిమా కెమెరాలో ఒక్క ఫ్రేము. అంటే వరసగా ఒక గంట కూడా నిద్రపోవడానికి లేదు, ఊరు దాటడానికి లేదు. మొత్తం 8,760 హాజరుల్లో 133 తప్పాయి. నిద్రలో 94, ఆలస్యమై 29, ముందే కొట్టేసి 10. వాటినీ దాచకుండా కారణాలతో సహా ప్రదర్శనలో పెట్టాడు.

గడియారం ఏం తయారుచేశావని అడగలేదు, వచ్చావా లేదా అనే అడిగింది. ఆ ఏడాది సినిమా నడిచేది ఆరు నిమిషాలే. అందులో అతని జుట్టు భుజాల దాకా పెరుగుతుంది. ఈ తరహా కళలో ఒక్కటే చూడగలిగితే, దాన్నే చూడండి.