మూగవోయిన సిలిండరు

మోటారుకారు సాఫీగా పోవుచుండగా యంత్రము తడబడి, శబ్దములో నడుమనడుమ ఒక దెబ్బ లోపించుటను మీరు వినియే యుందురు. మన మోటారు షెడ్డులలో దీనిని 'మిస్సింగు' అందురు. నాలుగు సిలిండర్ల యంత్రము నిమిషమునకు 1,500 చుట్లు తిరుగునపుడు ఒక్కొక్క సిలిండరులో 750 పర్యాయములు పెట్రోలు ఆవిరి మండవలెను. అందొకటి మండక మానినచో, అది యేదియో కనుగొనుట యెట్లు? ఈ ప్రశ్నకు గల చరిత్రను నేడు మనవి చేయదలచితిని.

1886లో జర్మనీలో తన మోటారుబండికి పేటెంటు కోరిన కార్ల్ బెంజ్, నిప్పు రగిల్చుటయే సమస్యలన్నిటిలో కఠినమని తలచెను. ఆ బండికి సిలిండరొక్కటియే. అది మానినచో బండియే నిలుచును గనుక దోషిని వెదుక నక్కరలేదు. సిలిండర్లు పెరిగినకొలది చిక్కు పెరిగెను. ఒకటి మానినను తక్కినవి బండిని ఈడ్చుచునే యుండును. ఉమ్మడి కుటుంబములో పని యెగవేయువానిని పట్టుకొనుట వంటిదే యిది.

ఇందులకు నాకు మిక్కిలి నచ్చిన ఉపాయము 1908లో అమెరికాలో వెలువడిన ఫోర్డు 'మోడల్ టి' కారుది. చోదకుని యెదుట నొక పెట్టె. అందు సిలిండరున కొకటి చొప్పున నాలుగు కాయిళ్లు. ప్రతి కాయిలుపైనను ఝుమ్మని యదరు చిన్న రేకు. యంత్రమును వడిగా నడిపించుచు మొదటి, నాల్గవ రేకులను వ్రేళ్లతో అదిమిపట్టవలెను. ఆ రెండు సిలిండర్లును మూగవోవును. మిగిలిన రెండును క్రమముగా పలికినచో దోషము అదిమిన జంటలోనిదే. పిదప నాల్గవదానిని విడిచి తక్కిన మూటిని అదుమవలెను. అది సరిగా పలికెనా, దోషి మొదటిది! చెవియు వ్రేళ్లును దక్క వేరు పరికరము లేదు.

సిలిండరు దొరికినంతనే కారణము దొరకదు. ప్లగ్గునకు మసి పట్టియుండవచ్చును, కాయిలు చెడియుండవచ్చును, వాల్వు సరిగా మూసికొనక ఒత్తిడి జారిపోవుచుండవచ్చును. ఈ కడపటిదానికై హ్యాండిలును మెల్లగా త్రిప్పి, ఏ సిలిండరు వంతున చేతికి బరువు తగులదో చూచెడివారు. కాయిలుపై అనుమానమైనచో పొరుగుదానితో తారుమారు చేసెడివారు. దోషము దాని వెంట నడచినచో నేరము రుజువైనట్లే.

1996 నుండి అమెరికాలో అమ్ము కొత్త కార్లలో ఈ తనిఖీని కంప్యూటరు చేయుచున్నది. మండని పెట్రోలు గాలిని చెరచుటయే గాక, పొగగొట్టములో పొగను శుద్ధిచేయు పరికరమును కాల్చివేయును. అందుచేతనే నిబంధన వచ్చినది. సిలిండరు మండనపుడు క్రాంకుషాఫ్టు రవంత మందగించును. దానిని పసిగట్టి, మొదటి సిలిండరైనచో 'పి 0301', మూడవదైనచో 'పి 0303' అని కంప్యూటరు సంఖ్య చూపును. అయితే ఆ సంఖ్య ఇంటిని చూపునే గాని దొంగను చూపదు. నడుమ చిరకాలము సిలిండర్లన్నిటికిని ఒకే కాయిలు వాడుకలో నుండెను. నేటి అనేక బండ్లలో మరల సిలిండరున కొకటి వచ్చినది. కావున మెకానిక్కు మొదటి కాయిలును మూడవదాని స్థానమున బిగించి, బండిని నడిపి, సంఖ్య 0303గా మారినదా యని చూచును. మారినచో కొత్త కాయిలు వేయును. మారనిచో ప్లగ్గును విప్పును.